మార్కండేయలో క వత్తు

లింబాయత్ గర్నాలా కింద నుంచి ఇవతలికి రాగానే చెవులకు చప్పుడు మారుతుంది. అప్పటిదాకా నెత్తిమీద రైలు, ఇక సాంచెలు. పట్టాల కింది దారిని సూరత్‌లో గర్నాలా అంటారు. మరమగ్గాన్ని ఇక్కడి గుజరాతీలు సంచా అంటారు, సిరిసిల్లలో మనవాళ్లు సాంచె అంటారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి పద్మశాలీలు తరాలుగా ఈ ఊరికి వచ్చి మగ్గాలు నడుపుతున్నారు. మాట కూడా వాళ్లతో పాటే రైలెక్కి తిరిగింది.

ఉత్తరాయణ్ దాటి వారమైంది. కరెంటు తీగల మీద చిరిగిన పతంగులు ఇంకా వేలాడుతున్నాయి. గాజుపొడి పట్టించిన గులాబీ దారం ముక్కలు మెట్ల మీద, మోటారుసైకిళ్ల హ్యాండిళ్ల మీద చుట్టుకుని ఉన్నాయి. కాలికి తగలకుండా చూసుకుని మూడో అంతస్తు ఎక్కండి. తలుపు తీసే ఉంటుంది. గోడవార ఒక స్టూలు ఉంది, దానిమీద కూర్చోండి. ఎదురుగా రెండు కంప్యూటర్లు, కింద అరలో దారం కండెలు, గోడకు మార్కండేయుడి క్యాలెండరు.

పెద్ద తెర ముందు కూర్చున్నావిడను ఇక్కడ కొందరు దీదీ అంటారు, మనవాళ్లు అక్కా అంటారు. మనమూ అక్కా అనే అందాం. పుట్టింది సూరత్‌లో. తండ్రి సిరిసిల్ల వైపు నుంచి వచ్చి సాంచెల మీద పనిచేశాడు. సూరత్ నగరపాలిక నడిపే తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదువుకుంది. ఇప్పుడు చేసేది పంచింగ్, అంటే గీసిన బొమ్మను ఎంబ్రాయిడరీ యంత్రం కుట్టగలిగే కుట్లుగా మార్చడం. వెనకటి యంత్రాలకు డిజైనును కాగితపు పట్టీ మీద చిల్లులు పొడిచి ఇచ్చేవారు. చిల్లులు పోయాయి, పేరు మిగిలింది. రెండో కంప్యూటరు దగ్గర ఒడిశా కుర్రాడు పని నేర్చుకుంటున్నాడు. చెవుల్లో పాటలు, చేతిలో మౌసు, చూపు తెర మీదే.

సాయంత్రం ఆరవుతుండగా ఒక పెద్దాయన మెట్లెక్కి వస్తాడు. తెల్ల చొక్కా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, చేత్తో తుడిచి మరీ ఇస్తాడు.

"బిడ్డా, తదియకు ఊరేగింపున్నది. కండువాలు రెండొందలు కావాలె. పోయినేడాది ఫైలు గిండ్ల ఉన్నది."

మాఘ శుద్ధ తదియ మార్కండేయ జయంతి. పద్మశాలీలకు ఆయన కులఋషి. కండువా అంచు మీద 'శ్రీ భక్త మార్కండేయ' అని కుట్టాలి. పోయినేడు తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పున కుట్టించారు, దూరానికి కనబడలేదని అందరూ అన్నారట. ఈసారి పద్దెనిమిది కావాలి.

"ఉన్నదాన్నే పెద్దగ చేస్తే అయిపాయె గదా?"

"గట్ల కాదు కాకా. ఇటు రా, చూపిస్త."

కాకా అన్న పిలుపు కరీంనగర్‌లోనూ గుజరాతీలోనూ బాబాయి వరసే కాబట్టి ఈ గదిలో ఎవరు ఎవరినన్నా అర్థమైపోతుంది. పెద్దాయన కుర్చీ లాక్కుంటాడు. మీరూ ముందుకు వంగి చూడండి.

పెన్‌డ్రైవ్‌లో ఉన్నది డీఎస్‌టీ ఫైలు. జపాన్ తజిమా యంత్రాల కోసం పుట్టిన పద్ధతి అది, ఇప్పుడు దాదాపు ఏ ఎంబ్రాయిడరీ యంత్రమైనా చదువుతుంది. అందులో అక్షరం లేదు, గీత లేదు, రంగు పేరు కూడా లేదు. సూది ఎటు ఎంత జరగాలి, ఎక్కడ దిగాలి, ఎక్కడ దారం మార్చడానికి ఆగాలి, అంతే. ఒక్కో కుట్టుకు మూడు బైట్లు. మొదట 512 బైట్ల తలకట్టు, ఆ తర్వాత కుట్టు వెంట కుట్టు. కొలత మిల్లీమీటరులో పదోవంతు. ఒక్క ఆజ్ఞతో సూది ఏ వైపుకైనా 12.1 మిల్లీమీటర్లకు మించి జరగలేదు. అంతకన్నా దూరం పోవాలంటే గెంతులుగా విడగొట్టాలి. నాలుగు వేల కుట్ల పేరు మొత్తం పదమూడు కిలోబైట్లు దాటదు. ఫోన్లో ఒక్క ఫొటో తినే జాగాలో ఇలాంటివి వంద పెట్టొచ్చు.

అక్క దాన్ని రెట్టింపు పెద్దది చేసి, తెర మీద దగ్గరగా లాగుతుంది. దారాల వరసల మధ్య ఎడం 0.4 మిల్లీమీటర్లు ఉండేది ఇప్పుడు 0.8 అయింది. దారానికీ దారానికీ మధ్య బట్ట కనబడుతోంది, పళ్లు ఊడిన దువ్వెనలాగా.

"అక్షరం గీత తెలిస్తే, పెద్దగ చేసినప్పుడు కుట్లు ఎక్కువ పడ్తయ్. దీనికి గీత తెల్వదు కాకా. సూది పోటే తెలుసు. అసలు బొమ్మ కావాలె."

"అసలుది కరీంనగర్ల ఫ్లెక్సీ షాపాయన కాడున్నది. అడుగుత ఆగు."

పదిహేను నిమిషాల్లో వాట్సాప్‌లో సీడీఆర్ ఫైలు వచ్చింది. కోరల్‌డ్రా అనే బొమ్మలు గీసే ప్రోగ్రాము ఫైలు. అక్క రెండుసార్లు నొక్కుతుంది. తెరుచుకోదు. అది కొత్త వర్షన్‌లో దాచిన ఫైలు, ఈ గదిలో ఉన్నది పాత వర్షన్. కొత్తది పాతదాన్ని చదవగలదు గానీ పాతది కొత్తదాన్ని చదవలేదు. తెలుగు ఊళ్లలో ఏ ప్రెస్సుకు ఫైలు పంపినా ముందు వచ్చే ప్రశ్న "ఏ వర్షన్ల చేసినవ్?" అన్నదే ఇందుకే.

ఇప్పుడామె చేసే పని చూడండి. ఫైలు పేరు చివర ఉన్న సీడీఆర్ తీసేసి జిప్ అని పెడుతుంది. 2008లో వచ్చిన ఎక్స్4 వర్షన్ నుంచి కోరల్ ఫైలు లోపల ఒక జిప్ మూటే. మూట విప్పితే రెండు మూడు ఫోల్డర్లు. ఒకదాంట్లో వేలిగోరంత బొమ్మ ఉంది, ఫైలు తెరవకుండానే లోపల ఏముందో చూపడానికి ప్రోగ్రాము దాచుకునే నమూనా. నొక్కితే ఎర్ర పట్టీ మీద పసుపు అక్షరాలు, అలుక్కుపోయినట్టుగా.

"గిదే! గిదే బిడ్డా!"

బొమ్మ కనబడింది, గీత చేతికి రాలేదు. అసలు గీతలు పక్క ఫోల్డరులో, కోరల్‌కు మాత్రమే అర్థమయ్యే రాతలో ఉన్నాయి.

ఆ రాతను చదవడం బయటివాళ్లు తమంతట తామే నేర్చుకున్నారు. ఫ్రిద్రిహ్ ష్ట్ర్బా, వలెక్ ఫిలిప్పోవ్ అనే ఇద్దరు ప్రోగ్రామర్లు సీడీఆర్ ఫైళ్లను బైటు బైటుగా విప్పి చూసి, ఏ అంకె ఏ గీతకు గుర్తో పట్టుకుని, లిబ్‌సీడీఆర్ అనే ఉచిత లైబ్రరీ రాశారు. 2012లో లిబ్రేఆఫీస్‌లోకి వచ్చింది, తర్వాత బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లోకీ వచ్చింది. ఎవరూ అచ్చువేసి ఇవ్వని వ్యాకరణాన్ని వాక్యాలు చూసి రాబట్టడం లాంటి పని అది. ఇలాంటి ఇరుకు గదుల్లో రాత్రిపూట ఆగిపోయిన ఎన్ని పనులు వాళ్ల వల్ల కదిలి ఉంటాయో అనిపిస్తుంది నాకు. అక్క ఇంక్‌స్కేప్ తెరుస్తుంది. ఫైలును దాని మీదికి లాగి వదులుతుంది.

ఎర్ర పట్టీ వచ్చింది. చుట్టూ లతల అంచు వచ్చింది, ఒక్క వంపు కూడా చెడకుండా. మధ్యలో పేరు ఉండాల్సిన చోట అర్థంలేని రోమన్ అక్షరాలు, వాటి నడుమ డాలరు గుర్తు, ప్రశ్న గుర్తు, ఏదో దేశపు కొమ్ముల అక్షరం.

"గిదేం భాష?" అంటాడు పెద్దాయన.

తెలుగే. మన డీటీపీ వాళ్లు ముప్ఫై ఏళ్లుగా వాడుతున్న పాత ఫాంట్ల తెలుగు. తెలుగుకు యూనికోడ్‌లో చోటు 1991లోనే దొరికింది. కానీ పేజ్‌మేకర్‌కూ, కోరల్‌కూ అప్పట్లో వత్తులు పేర్చడం రాదు. అందుకని ఫాంటు చేసినవాళ్లు రోమన్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు దాచారు. ఒక గడిలో తలకట్టు లేని క, ఇంకో గడిలో గుడి, వేరొక గడిలో క వత్తు. అచ్చులో కంటికి తెలుగు, ఫైల్లో మాత్రం రోమన్ అక్షరాలు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే ఆ మాట తెలుగవుతుంది. ఇంకో కంప్యూటరుకు పోతే తొడుగు జారిపోయి లోపలి రోమన్ బయటపడుతుంది. అప్పటి పత్రికలు, పెళ్లి శుభలేఖలు, సినిమా పోస్టర్లు అన్నీ ఈ ఉపాయం మీదే బతికాయి. దాన్ని తక్కువ చేసి చూడటం నాకు ఇష్టం లేదు. ప్రపంచం మన లిపి కోసం ఆగనప్పుడు మనవాళ్లు దొరికిన గళ్లలోనే మన అక్షరాలను బతికించారు.

"మళ్ల టైపు చేస్తే కాదా?" మీరు అడగాలనుకున్న ప్రశ్నే పెద్దాయన అడుగుతాడు.

అక్క ఇలస్ట్రేటర్ తెరిచి, యూనికోడ్‌లో టైపు చేసి చూపిస్తుంది. తెర మీద 'మార్‌కండేయ' అని పడుతుంది. ర నెత్తిన పొల్లు, పక్కన విడిగా క. ఆ ప్రోగ్రాములో భారతీయ లిపుల కూర్పు అని ఒక ఏర్పాటు ఉంది. అది ఎంచుకోకపోతే వత్తు కిందికి దిగదు. ఎంచుకోగానే దిగింది. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో రెండు మూడు మార్చి చూపిస్తుంది. అన్నీ ముద్దుగానే ఉన్నాయి.

పెద్దాయన తల అడ్డంగా ఊపుతాడు. "మంచిగనే ఉన్నది గని మన బ్యానర్ మీది రాత గిది కాదు. గుడి మీద, జెండా మీద అన్నింటి మీద గదే రాత. జనం గుర్తుపట్టాలె."

అక్క వాదించదు. ఫోన్ తీస్తుంది.

"అన్నా, సూరత్ నుంచి మాట్లాడుతున్న. నువ్వు పంపిన ఫైలు నా కాడ ఓపెన్ అయితలేదు. అక్షరాలన్నీ కర్వ్ చేసి, పదమూడు వర్షన్ల సేవ్ చేసి పంపవా? ఆ, ఇప్పుడే. పొద్దున మెషిన్ ఎక్కాలె."

కంట్రోల్-క్యూ. కోరల్‌లో అక్షరాన్ని గీతగా మార్చే మీట. ఇలస్ట్రేటర్‌లో ఇదే పనికి కంట్రోల్-షిఫ్ట్-ఓ. ఈ రెండు మీటలూ తెలియని డీటీపీ మనిషి ఉండడు. నొక్కాక అక్షరం అక్షరంగా ఉండదు, వంపుల బొమ్మగా మారుతుంది. ఆ వంపు వెనక ఉన్న గణితం కార్ల బాడీలు గీయడానికి పుట్టింది. 1959లో సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, తర్వాత రెనో కంపెనీలో పియెర్ బెజియే దాన్ని తయారు చేశారు. రెండు కొసలు రెండు మేకులకు కట్టి, మధ్యలో తీగను రెండు చేతులతో చెరోవైపు లాగినట్టు ఉంటుంది. నాలుగు బిందువులు చెబితే చాలు, వంపు ఎక్కడైనా అదే వస్తుంది. 1987లో వచ్చిన ఇలస్ట్రేటర్‌కూ, 1989లో కెనడాలోని ఒట్టావాలో పుట్టిన కోరల్‌డ్రాకూ ఉమ్మడి ఆస్తి ఈ ఒక్క వంపే. నీడలు, రంగుల జారుడు, పారదర్శకత, ఒకదాంట్లో ఒకటి ఇమిడ్చిన బొమ్మలు ఎవరి ఇంటి లెక్క వారిది. ఒకరి ఫైలు ఇంకొకరి ఇంట్లో తెరిచినప్పుడు వంపులు నిలబడతాయి, మిగతావాటికి ఏదో ఒక దెబ్బ తగులుతుంది.

వంపుగా మార్చితే భాష మాత్రం పోతుంది. ఇక ఆ ఫైల్లో మార్కండేయ అనే మాట ఎంత వెతికినా దొరకదు. తప్పుంటే దిద్దడానికి కుదరదు, ఏ యంత్రానికీ ఇది తెలుగని తెలియదు. అందుకే కర్వ్ చేసిన కాపీ పంపి, అసలుది జాగ్రత్తగా దాచుకోవాలని అక్క కుర్రాడికి రోజూ చెబుతుంది. దుకాణాల్లో ఎంతమంది దాస్తారంటే, చాలా తక్కువ.

ఏడున్నరకు ఫైలు వచ్చింది. తెరుచుకుంది. కిందినుంచి టీ వచ్చింది, తీసుకోండి. గ్లాసు చిన్నదే గానీ పాలు చిక్కన, అల్లం ఘాటు.

పేరు తెర మీద ఉంది, ఆ పెద్దాయన కోరిన రాతలోనే. కానీ దగ్గరికి లాగగానే అక్షరాలకు తెల్లటి గాట్లు. మా దీర్ఘం మ మీదికి ఎక్కిన చోట ఒక గాటు. డే లో ఏత్వం అతుకు దగ్గర ఇంకొకటి. ముక్క మీద ముక్క పడిన ప్రతి చోటా చిల్లు.

ఇది తెలుగు డిజైనర్లందరి పాత శత్రువు. పాత ఫాంటులో ఒక అక్షరం మూడు నాలుగు ముక్కల కూర్పు, ముక్కలు ఒకదానిమీదొకటి కొద్దిగా ఎక్కుతాయి. అవతలివాడు కర్వ్ చేశాక అన్నిటినీ కలిపి ఒకే గీతగా కంబైన్ చేశాడు. మూసిన గీత లోపల ఏది నిండు, ఏది ఖాళీ అని తేల్చడానికి రెండు లెక్కలున్నాయి. మొదటిది సరి-బేసి లెక్క. ఒక చోట నిలబడి బయటికి నడిచిపోతూ ఎన్ని గీతలు దాటావో లెక్కపెట్టు, బేసి అయితే నిండు, సరి అయితే ఖాళీ. రెండు ముక్కలు కలిసిన చోట రెండు గీతలు దాటాలి కాబట్టి అక్కడ చిల్లు పడుతుంది. రెండో లెక్క గీత ఏ వైపుకు తిరిగిందో చూస్తుంది. రెండూ ఒకే వైపు తిరిగితే నిండే. ఒక ప్రోగ్రాము మొదటి లెక్క నమ్ముతుంది, ఇంకొకటి రెండోది నమ్ముతుంది. అదే ఫైలు ఒక తెర మీద నిండుగా, పక్క తెర మీద గాట్లతో కనబడుతుంది. ఎవరి ఫైలూ తప్పు కాదు.

రోమన్ లిపిలో అక్షరాలు విడివిడిగా ఉంటాయి కాబట్టి ఈ బాధ వాళ్లకు అరుదు. మనకు ప్రతి గుణింతంలోనూ ఉంది.

అక్క బ్రేక్ అపార్ట్ నొక్కుతుంది. గాట్లు పోయాయి, దాంతోపాటు ర లోపలి ఖాళీ, య లోపలి ఖాళీ కూడా నల్లగా నిండిపోయాయి. అవీ విడి ముక్కలైపోయాయి మరి. ఇప్పుడు ఒక్కో అక్షరానికి బయటి ముక్కలను వెల్డ్ చేసి ఒకటి చేయాలి, లోపలి ఖాళీని ఎంచి కోసేయాలి. శ్రీ, భ, క్త. ఆమె పెదాలు కదులుతున్నాయి, చదువుకుంటూ చేస్తోంది. భ పొట్ట కింద చీలిక ఉందా లేదా అని ఆగి చూస్తుంది. అది పూడుకుపోతే భక్తుడు బక్తుడవుతాడు.

సగంలో ఫోన్. జెండా బట్ట మీద అచ్చు వేసే అతనికి ఇదే బొమ్మ ఇలస్ట్రేటర్ ఫైలుగా కావాలి, తొమ్మిదిలోగా. అక్క మిగిలిన అక్షరాలు కుర్రాడికి అప్పజెబుతుంది. "మార్కండేయ నువ్వు శుభ్రం చేసి, కుట్లు పెట్టు," అని హిందీలో చెప్పి తాను జెండా పనిలో పడుతుంది.

జెండాకు, చాలా ప్రోగ్రాములు చదివే ఎస్‌వీజీ ఫైలుగా పంపితే సరిపోదా అని మీరడిగితే ఆమె ఒక పాత సంగతి చెబుతుంది. కొన్నేళ్ల కింద ఒక చీర బోర్డరు చేసింది. రోటరీ ప్రింటింగులో స్క్రీను గొట్టం చుట్టుకొలత 64 సెంటీమీటర్లు, కాబట్టి డిజైను సరిగ్గా 64లో తిరిగి మొదటికి రావాలి. ఫైలు ఒక ప్రోగ్రాములో చేసి, ఎస్‌వీజీగా పంపి, వేరొక ప్రోగ్రాములో తెరిచారు. బొమ్మ చక్కగా తెరుచుకుంది, కొలత 48 అయింది. ఎస్‌వీజీలో కొలత పిక్సెళ్లలో రాస్తే, అంగుళానికి ఎన్ని పిక్సెళ్లన్నది ఎవరి అలవాటు వారిది. ఒకరు 72 అంటారు, ఇంకొకరు 96 అంటారు. 2017 దాకా ఇంక్‌స్కేప్ 90 అనేది. 72ను 96తో భాగిస్తే ముప్పావు, 64లో ముప్పావు 48. స్క్రీను చేయకముందే ఒక ముసలి మాస్టరు టేపు పెట్టి కొలిచాడు కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి ఆమె ఏ ఫైలు పంపినా మూలలో పది సెంటీమీటర్ల గీత ఒకటి గీసి పంపుతుంది. అందుకున్నవాళ్లు ముందు దాన్ని కొలవాలి.

జెండా ఫైలు పీడీఎఫ్ దారిన పోయింది. మూలలో పది సెంటీమీటర్ల గీత ఉంది. రంగులకు పేర్ల బదులు అంకెలు రాసి పెట్టింది.

ఈలోగా కుర్రాడు పిలుస్తాడు. "దీదీ, హో గయా. నీచే కా కచరా భీ సాఫ్ కర్ దియా." కింద ఉన్న చెత్త కూడా ఊడ్చేశానంటున్నాడు. అక్క చూపు ఇంకా జెండా మీదే ఉంది. సరే, ఒక నమూనా కుట్టి తీసుకురా అంటుంది.

కింది అంతస్తులో యంత్రాలున్నాయి. అతని వెంట మీరూ దిగండి. పొడవాటి బల్ల మీద వరసగా ఇరవై తలలు, ఒక్కో తలకు తొమ్మిది సూదులు. మూల ఒంటి తల యంత్రం ఉంది, అది నమూనాలకు. కుర్రాడు పాత బట్ట ముక్క ఫ్రేములో బిగించి పెన్‌డ్రైవ్ గుచ్చుతాడు. సూది కదిలింది. ముందు సన్నని కుట్టుతో అడుగు వేసుకుంటుంది, బట్ట ముడత పడకుండా. దాని మీద అడ్డంగా మెరిసే దారం, శ్రీ నుంచి మొదలుపెట్టి. అక్షరం ఎటు వంగితే కుట్టు అటు తిరుగుతుంది. ఫ్రేము వణుకుతూ పక్కకు జరుగుతుంటే, బట్ట మీద పేరు లేచి వస్తుంటే, ఇన్ని ప్రోగ్రాములు దాటి వచ్చిన సంగతి మరిచిపోయి చూస్తూ ఉండిపోతారు.

ఆ ముక్క పైకి తెచ్చి కుర్రాడు పెద్దాయన చేతిలో పెడతాడు. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, దీపం కిందికి జరిగి, వేలు పెట్టి చదువుతాడు. కంప్యూటరు మీట ఒక్కటి కూడా నొక్కి ఎరగని వేలు అది, సాంచె మీద తెగిన పోగు పట్టి ముడివేసే వేలు.

"శ్రీ... భక్త... మా... రం..."

ఆగాడు. మళ్లీ మొదటినుంచి.

"మారండేయ అంటున్నదేందే బిడ్డా?"

అక్క కుర్చీలోంచి లేస్తుంది. ముక్క అందుకుంటుంది. ర కింద ఏమీ లేదు. బట్ట, అంతే.

కుర్రాడి తెర మీద వెనక్కి, వెనక్కి, వెనక్కి నొక్కుతుంది. అయిదో అడుగులో ర కింద చిన్న ముక్క మళ్లీ ప్రత్యక్షమవుతుంది. క వత్తు. భక్తలో త వత్తు పైఅక్షరానికి తగిలి ఉంది కాబట్టి వెల్డ్‌లో దాంతో కలిసి బతికింది. ఇది మాత్రం ర కు వెంట్రుకవాసి ఎడంగా, ఒంటరిగా ఉంది. గీతలు శుభ్రం చేసేటప్పుడు విడిగా పడి ఉన్న చిన్న ముక్కలను చెరిపేయాలని కుర్రాడికి నేర్పింది ఆమే. స్కాన్ చేసిన బొమ్మల్లో, పువ్వుల్లో, మామిడిపిందెల్లో అలాంటివి నిజంగా చెత్తే. అతను తప్పు చేయలేదు. ప్రోగ్రాము కూడా చేయలేదు. ఈ గదిలో ఆ మచ్చను అక్షరమని ఎరిగినవాళ్లు ఇద్దరే, ఒకామె అటు తిరిగి ఉంది, ఇంకొకాయన టీ తాగుతున్నాడు.

నాకు ఒళ్లు జలదరించేది ఇక్కడే. ఫాంటు పోతే రోమన్ వస్తుంది, అందరికీ తెలుస్తుంది. గాట్లు పడితే కంటికి కొట్టొచ్చినట్టు కనబడతాయి. వత్తు పోతే ఏమీ తెలియదు. మిగిలింది చూడటానికి నిండైన తెలుగు అక్షరమే. సూరత్‌లో తెలుగు చదవగలిగే పిల్లలు ఏ ఏటికాయేడు తగ్గుతున్నారని పెద్దాయన ఇందాక చెప్పాడు. ఆయన మనవళ్లకు మాట వచ్చు, రాత రాదు. రెండొందల మంది మెడల మీద 'మారండేయ' ఊరంతా ఊరేగినా, ఎందరు తలెత్తి చదివి ఆపేవాళ్లు?

అక్క ఏమీ అనదు. బిల్లు పుస్తకం తిరగేసి వెనకవైపు పెన్నుతో పెద్దగా గీస్తుంది. పైన క, దాని పక్కన క వత్తు. త, త వత్తు. మ, మ వత్తు. అలా పది పదిహేను. కుర్రాడు చెవుల్లోంచి పాట తీసేసి దగ్గరికి వస్తాడు.

"యే భీ అక్షర్ హై?"

"హా. ఆధా అక్షర్. నీచే రహతా హై."

అతను ముఖం వెలిగించుకుని ఒడియాలోనూ ఇలాగే ఉంటుందని చెబుతాడు, జోడక్షరం కింద చిన్నగా తగిలించి రాస్తామని. పెన్ను తీసుకుని తన భాషలో ఒకటి గీసి చూపిస్తాడు. తెలిసినవాడే. ఇది కూడా అలాంటిదని ఎవరూ చెప్పలేదు, అంతే.

వత్తు వెనక్కి వచ్చింది గానీ పని అయిపోలేదు. అచ్చులో ఆ వత్తు గీత మందం చూస్తే ముప్పావు మిల్లీమీటరు. అంత సన్నని చోట దారం నిండుగా పడదు, ముడిలా ఉండకడుతుంది. కుట్టులో గీత మిల్లీమీటరైనా ఉండాలి. దానికి తోడు దారం బిగిసి బట్టను లోపలికి లాగుతుంది కాబట్టి ప్రతి గీతనూ గీసినదానికన్నా కొద్దిగా లావుగా కుట్టాలి. అక్క వత్తును ఒకటిన్నర రెట్లు పెంచుతుంది, ర కు ఇంకాస్త దూరం జరుపుతుంది, లోపలి మెలికను కొంచెం తెరుస్తుంది. ఫాంటు చేసినాయన గీసిన కొలతను కాదని కళ్లతో చూసుకుంటూ చేస్తోంది. ఇలా మార్చమని ఏ ప్రోగ్రామూ అడగదు. భ చీలిక కూడా కొంచెం వెడల్పు చేస్తుంది. నాలుగు ఫైళ్లు దాస్తుంది. అవతలివాడు పంపిన అసలు సీడీఆర్, గీతలు బాగుచేసింది, కుట్ల వస్తువులు విడివిడిగా దిద్దుకోవడానికి వీలుండే విల్‌కామ్ ఫైలు, చివరికి యంత్రానికి పోయే డీఎస్‌టీ. అన్నిటి కాపీలు పెద్దాయన పెన్‌డ్రైవ్‌లో కూడా వేస్తుంది.

"వచ్చే ఏడు గియన్నీ తీస్కరా కాకా. ఒక్కటి తెస్తే కాదు."

రెండో నమూనా వచ్చేసరికి పదవుతోంది. పెద్దాయన మళ్లీ వేలు పెట్టాడు. ఈసారి ర దగ్గర వేలు కిందికి దిగింది, గరుకుగా లేచిన చిన్న మెలిక మీద ఒక క్షణం నిలబడింది.

"మార్కండేయ," అన్నాడు. ఆపకుండా, ఒక్క ఊపిరిలో.

కుర్రాడు మొదటి నమూనాను, ఆ మారండేయ ముక్కను, బల్ల కింది డబ్బాలోకి విసరబోయాడు. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. ముక్కను తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"తప్పున్నా ఆయన పేరే గదరా. కచరాల ఏస్తమా?"

కింద ఇరవై తలల కింద ఇరవై పసుపు కండువాలు బిగిసి ఉన్నాయి. పది ఫ్రేములైతే రెండొందలు. కుర్రాడు బిల్లు కాగితాన్ని యంత్రం స్తంభానికి టేపుతో అతికించి మీట నొక్కాడు. ఇరవై సూదులు ఒక్కసారే శ్రీ మొదలుపెట్టాయి.

మీరు మెట్లు దిగి సందులోకి వచ్చేసరికి ఆ చప్పుడు పక్కింటి సాంచెల చప్పుడులో కలిసిపోయింది. గులాబీ దారం ఒకటి చెప్పుకు చుట్టుకుంది. ఒంగి విప్పుకోండి.